శుక్రవారం మూసిన తలుపు

పనిచేసేవారికి వారానికొక రోజు విశ్రాంతి ఉండవలెనని మదరాసు ప్రభుత్వంవారు సంకల్పించిన ఆ రోజుల్లో, మార్కాపురంలో ఆ విశ్రాంతి మొట్టమొదట ఒక తలుపుకు లభించింది.

అది కాశీవిశ్వనాథం శెట్టిగారి బట్టలు సరిచేసే దుకాణం తలుపు. బిగుతైన కోట్లు వదులు చేయడం, తండ్రుల ప్యాంట్లను కొడుకుల కొలతకు కుదించడం అక్కడి పని. పనివారు ఇద్దరు. దేవదానం మిషను కుడతాడు. సుబ్బరత్నమ్మ పాత కుట్లు విప్పి, కాజాలు వేస్తుంది.

సర్కారు నోటీసును శెట్టిగారు రెండుసార్లు చదివించుకుని విన్నారు.

"శుక్రవారం దుకాణం మూయాలంట. మూసేద్దాం. మీరు లోపల కూచోని పని చేసుకోండి."

"సెలవంటే ఇంటికి పోయేది కాదా శెట్టిగారూ?" అన్నాడు దేవదానం.

"సెలవు దుకాణానికిచ్చినారు నాయనా. నీకిచ్చినట్టు యాడుంది?"

ఆ విధంగా చట్టం అమలులోకి వచ్చింది. మిషను చప్పుడు బజారుకు వినబడితే సెలవుకు భంగమని కిటికీ కూడా మూయించారు. నడి వేసవి. పైన రేకులు, లోపల బొగ్గుల ఇస్త్రీపెట్టె. (గాలి రాకూడదని చట్టంలో ఎక్కడా లేదు. దానికి దారి మాత్రం లేదు.)

మూడో శుక్రవారం మధ్యాహ్నం సుబ్బరత్నమ్మ, "అన్నా, కండ్లు తిరుగుతాండాయి" అంటూ చేతిలోని కోటుతో సహా పక్కకు ఒరిగిపోయింది. దేవదానం తలుపు బార్లా తెరిచి, ఆమెను గడపదాకా చేర్చి, ముఖాన నీళ్లు చల్లాడు.

అప్పుడే దుకాణాల ఇన్‌స్పెక్టరు చంద్రశేఖరరావుగారు ఆ వీధిన వచ్చారు. గొడుగు ముడిచి అడిగారు.

"సెలవునాడు తలుపు తెరిచిందెవరు?"

"నేనే అయ్యా. ఈమె సచ్చిపోయేట్టుంటే తెరిచినా. మూడు వారాలుగా లోపల పని చేస్తానే ఉండాం, రాసుకోండి."

"లోపలి సంగతికి ఫారంలో గడి లేదు. తలుపు మూసి ఉందా, తెరిచి ఉందా, అంతే."

శెట్టిగారు పరుగున వచ్చారు. "నేను మూసే పోయినా సార్. నన్నడక్కుండా తెరిచింది ఇతనే."

చట్టాన్ని అతిక్రమించినవాడుగా దేవదానం పేరు ఫారంలోకి ఎక్కింది. సుబ్బరత్నమ్మ మెల్లగా లేచి కూర్చుంది.

"అట్లయితే నా పేరూ రాయండయ్యా. ఆ గాలి పీల్చింది నేను."

దానికీ గడి లేదని ఇన్‌స్పెక్టరుగారు విచారం వెలిబుచ్చారు.

చట్టమంటే గౌరవం లేనివాణ్ణి ఉంచుకోలేనని శెట్టిగారు ఆ సాయంత్రమే దేవదానాన్ని పనిలోంచి తీసేశారు. మరుసటి శుక్రవారం, కొత్త మిషనతనూ సుబ్బరత్నమ్మా లోపలికి వెళ్లాక, తలుపుకు బయట తాళం వేయించారు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి తాళం లాగి చూశారు. లోపల ఎవరో దగ్గుతుండగా, కార్మికుల మేలు ఇంత గట్టిగా కాపాడుతున్న దుకాణం తాలూకాలో మరొకటి లేదని రాసుకుని వెళ్లారు.