మా ఆవిడ రెండోసారి అడిగిన వంట

పెళ్ళయిన పదకొండేళ్ళలో నేను తిన్న రాగిసంగటి ముద్దలన్నీ పేర్చి ఉంటే మా కంబదూరు పక్కన ఇంకో గుట్ట లేచేది. పొద్దున సంగటి, రాత్రి సంగటి. మధ్యాహ్నం పంచాయతీ సమితి ఆఫీసుకు తీసుకెళ్ళే క్యారియర్‌లో ఏముండేదో మీరే ఊహించుకోండి. ఊహించారు కదా, అదే.

రాగులూ శెనక్కాయలూ తప్ప మరొకటి పండని నేల మీద పుట్టి సంగటిని తిట్టకూడదు. నేను తిట్టలేదు. వారానికి మూడు రోజులు దాని మొహం చూడకుండా ఉంటే చాలనుకున్నాను. ఆ మాటే ఒకరోజు మా ఆవిడ హనుమంతమ్మ చెవిన వేశాను.

"ఏమే, వారంలో మూడు దినాలన్నా ఇంకేమన్నా వండకూడదా?"

"వండొచ్చు మామా. గాదెలో వడ్లుండాయా?"

"లేవు."

"బావిలో నీళ్ళుండాయా?"

"అవీ లేవు."

"మరి నోట్లో ఈ మాట యాడనుంచి వచ్చె?"

హనుమంతమ్మ మా అక్క కూతురే. అందుకే మామా అంటుంది. అక్క కూతుర్ని చేసుకున్నవాడి పప్పులు ఇంట్లో ఉడకవు. నేను లాగూ తడుపుకున్న నాటి సంగతులతో సహా వాళ్ళమ్మ అన్నీ చెప్పి మరీ కాపురానికి పంపింది.

అది అరవై మూడో సంవత్సరం. రెండేళ్ళుగా వాన లేదు. ఊరి బావి అడుగంటితే ఆడవాళ్ళు అరమైలు నడిచి దిగుడుబావి నుంచి బిందెలు మోసుకొచ్చేవారు. అలాంటి రోజుల్లో యేసన్న నా చేతిలో ఒక పుస్తకం పెట్టాడు.

యేసన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. వాళ్ళ డాక్టరమ్మ స్వదేశం వెళ్ళిపోతూ తన సామాన్లన్నీ తలా ఒకటి పంచితే, గొడుగు ఆశించిన యేసన్నకు ఆ పుస్తకం వచ్చింది. లోపలంతా ఇంగ్లీషు. దేశదేశాల్లో తల్లులు ఇళ్ళలో వండి పెట్టే వంటలట, బొమ్మలతో సహా ఉన్నాయి.

"కుళ్ళాయన్నా, నువ్వు ఎస్సెల్సీ చదివినోడివి. నీకైతే పనికొస్తాది," అన్నాడు యేసన్న.

పుస్తకం చూడగానే నా బుర్రలో ఒక ఎత్తు మెరిసింది. ఆ సాయంత్రమే ఆఫీసు ఫుల్‌స్కేప్ కాగితం మీద ఒప్పందం రాసుకొచ్చి మా ఆవిడకు చదివి వినిపించాను. మూడు ఆదివారాలు నేను మూడు దేశాల వంటలు వండుతాను. వాటిలో ఏది ఆమె రెండోసారి అడిగి పెట్టించుకుంటే ఆ వంట వారానికి మూడు రోజులు మా ఇంట్లో జరగాలి. మూడూ తప్పితే నేను బతికినంతకాలం సంగటి గురించి నోరెత్తకూడదు.

"నువ్వు వండుతావా?" అంది హనుమంతమ్మ.

"నేనే."

"పొయ్యి యాడుండాదో తెలుసా?"

"వెతుక్కుంటా."

అసలు ఎత్తు అది కాదు. మొగుడు పొయ్యి ముందు గొంతుక్కూర్చుంటే వీధిలో పరువు పోతుందని ఏ ఇల్లాలైనా గరిటె లాక్కుంటుంది. లాక్కున్నాక తన చేతి వంట తనే బాగాలేదనుకోదు కదా. రెండోసారి వడ్డించుకుంటుంది. నాకు సంగటి పీడ వదులుతుంది. ఇంత తెలివి పెట్టుకుని నేను గుమాస్తాగా ఎందుకున్నానో నాకే అర్థం కాలేదు.

మొదటి ఆదివారం ఇటలీ. మైదాపిండి తడిపి, పల్చగా ఒత్తి, రిబ్బన్లలా కోసి ఆరబెట్టాలని పుస్తకంలో ఉంది. నేను పిండిలో చేయి పెట్టి గట్టిగా నిట్టూర్చాను, మా ఆవిడ వచ్చి గరిటె లాక్కుంటుందని. ఆమె లేచింది. నా గుండె ఉప్పొంగింది. ఆమె నా పక్కనుంచి నడిచి వీధి అరుగు మీదికి పోయి కూర్చుంది.

"జమీలాబీ, ఇటు రా. మా మామ ఇటలీ వండుతాండాడు. చూద్దువుగాని."

జమీలాబీ మా పక్కింటి జిలాన్ బాషా భార్య. ఆమె ఒక్కతే వచ్చినా సరిపోయేది. చాట, చంటిబిడ్డ, మేక, అన్నిటినీ వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె వెనక సగం వీధి వచ్చింది.

రిబ్బన్లు ఆరేయడానికి చోటు లేక పెరట్లో బట్టల దండెం మీద వేశాను. నేను లోపలికి పోయి పొయ్యి ఊదుకుని వచ్చేలోపల జమీలాబీ మేక ఆ చివరనుంచి ఈ చివరికి సగం ఇటలీ తినేసింది. మిగిలిన సగాన్ని కాగులో మరిగే నీళ్ళలో వేశాను. రెండు బిందెల నీళ్ళు. ఉడికాక ఆ నీళ్ళన్నీ పారబోయాలని పుస్తకంలో రాసుంది. కాగు ఎత్తి వంచబోతుంటే హనుమంతమ్మ ఒక్క గెంతులో వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ నీళ్ళు యాడికి పోతాండాయి మామా?"

"పారబోయాలంట. పద్ధతి."

"అరమైలు నుంచి మోసుకొచ్చింది నా నడుము. పారబోసే పద్ధతి నీదా?"

"ఇటలీలో అంతేనే."

"ఇటలీలో బావి ఇంటెనకాలుంటాది. నువ్వు ఆ కాగు దించు."

ఆ గంజి నీళ్ళు చివరికి జమీలాబీ మేకకే చేరాయి. కాగులో మిగిలిన ఇటలీ ముద్దకట్టి, గోడకు పోస్టరు అంటించడానికి భేషుగ్గా పనికొచ్చేలా తయారైంది. హనుమంతమ్మ ఒక పోగు నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. రెండో పోగు అడగలేదు. ఆ రోజు నుంచి వీధిలో నా పేరు ఇటలీ కుళ్ళాయప్ప.

రెండో ఆదివారం ఇంగ్లండు. నూటయాభై ఏళ్ళు మనల్ని ఏలినవాళ్ళ తిండి మరీ అధ్వానంగా ఉండదని నమ్మాను. పిండి, బెల్లం, కొవ్వు కలిపి గుడ్డలో మూటగట్టి, ఆ మూటను మూడు గంటలు నీళ్ళలో ఉడకబెడితే పుడ్డింగు అవుతుందట. కొవ్వుకు బదులు వెన్న వేశాను. గుడ్డ కోసం ఇల్లంతా వెతికాను. మా ఆవిడ తన చీర చెంగు కూడా తాకనివ్వలేదు. చివరికి కలెక్టరుగారి తనిఖీ రోజున కట్టుకుందామని దాచిన నా తెల్లపంచెకు మోక్షం వచ్చింది.

"నీళ్ళు పారబోయాలా ఈసారి?" అని అడిగింది ముందుగానే.

"అక్కర్లేదు. ఇంగ్లండువాళ్ళు పొదుపరులు."

కాగులో పంచె మూట బుడబుడమంటుంటే నేను కట్టెతో అటూ ఇటూ తిప్పుతున్నాను. అప్పుడే యేసన్న గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయాడు.

"అన్నా, నువ్వు బట్టలుడకేస్తాండావా?"

"కాదప్పా. పుడ్డింగు."

"అట్లనా. నేను మా చొక్కాలు కూడా తెద్దామనుకుంటి."

మూడు గంటల తర్వాత మూట విప్పబోతే రాలేదు. పంచె ఏదో, పుడ్డింగు ఏదో తెలియకుండా రెండూ కలిసిపోయాయి. నేను ఒక కొసా, యేసన్న ఒక కొసా పట్టుకుని లాగాం. పంచె సర్రున చినిగింది. హనుమంతమ్మ ఒక పెళ్ళ తీసుకుని, అందులోంచి నూలుపోగు ఒకటి లాగి, దీపం ముందు వత్తిలా నిలబెట్టి చూసింది.

"బాగుండాది మామా. తినడానికి కాదు, దీపానికి," అంది.

రెండు ఆదివారాలు పోయాయి. ఇక మిగిలింది ఒక్కటి. అది కూడా తప్పితే చచ్చేదాకా సంగటి తింటూ నోరు మూసుకోవాలి. ఆ వారమంతా ఆఫీసులో ఫైళ్ళ కింద పుస్తకం పెట్టుకుని చదివాను. జపానువాళ్ళకు చేప కావాలి. కంబదూరులో చేపను బొమ్మలో తప్ప చూసినవాడు లేడు. రష్యావాళ్ళకు క్యాబేజీ కావాలి. అది కళ్యాణదుర్గం సంతలో కూడా దొరికితే దొరికినట్టు. గురువారం నాడు ఆఫ్రికా పడమటి దేశాల పేజీకి వచ్చాను.

ఆ వంట పేరు తువో. చిరుధాన్యం పిండిని మరిగే నీళ్ళలో పోసి, పెద్ద చెక్కతెడ్డుతో గట్టిపడేదాకా కెలకాలి. ముద్ద చేయాలి. ముద్ద నడుమ గుంట చేయాలి. వేయించి నూరిన శెనక్కాయలతో, మిరపకాయలతో కోడిపులుసు చేసి ఆ గుంటలో పోయాలి. చేత్తో తినాలి. నమలకుండా మింగాలి.

రెండుసార్లు చదివాను. బొమ్మ చూశాను. కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వుకున్నాను. సముద్రాలవతల ఎవరో నల్లటి తల్లి మా హనుమంతమ్మలాగే కుండ ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. మా ఆవిడ పుట్టి బుద్ధెరిగాక సంగటిని ఒక్క ముద్దతో సరిపెట్టుకుని లేచింది లేదు. ఇక గెలుపు నాదే. గెలిచాక తినేదేమిటన్నది ఆ సంబరంలో తట్టలేదు.

మూడో ఆదివారం వంటింటి తలుపు లోపల గడియ వేసుకున్నాను. రాగిపిండి గాని, తెడ్డు గాని ఎవరి కంటా పడకూడదు. జమీలాబీ దగ్గర కోడిని తీసుకున్నాను. బయట అరుగు మీద వీధంతా కూర్చుని ఉంది.

"ఈసారి యా దేశమన్నా?" అని తలుపు బయటినుంచి జమీలాబీ అడిగింది.

"ఆఫ్రికా."

"పులినేమన్నా వండుతాండావా?"

కుండకు గోనెపట్ట చుట్టి, రెండు కాళ్ళతో అదిమిపట్టి, తెడ్డు తిప్పుతున్నాను. పది తిప్పులకు చెమట పట్టింది. ఇరవైకి భుజం నాది కాకుండా పోయింది. ముప్పైకి నేను ఏ దేశంలో ఉన్నానో మరిచిపోయాను.

తలుపు తీసి, పళ్ళెంలో ముద్ద పెట్టి, గుంటలో శెనక్కాయ కోడిపులుసు పోసి మా ఆవిడ ముందుంచాను. "తువో," అన్నాను గంభీరంగా.

హనుమంతమ్మ ముద్ద వైపు చూసింది. నా వైపు చూసింది. తుంచి, పులుసులో అద్ది, మింగింది. పళ్ళెం ఖాళీ చేసి నా ముందుకు చాచింది.

"ఇంగొకటి పెట్టు మామా."

పెట్టాను. అదీ అయింది. మూడోది కూడా అడిగింది. నేను మీసం మీద చెయ్యి వేసి వీధి వైపు తిరిగాను. యేసన్న చప్పట్లు కొట్టాడు.

"ఓడిపోయినా. పదిమందిలో ఒప్పుకుంటాండా," అంది హనుమంతమ్మ చెయ్యి కడుక్కుంటూ. "యేసన్నా, ఆ కాగితం చదువు. ఏం రాసుండాది?"

యేసన్న చదివాడు. "ఆ వంట వారానికి మూడు రోజులు ఈ ఇంట్లో జరగాలి."

"అట్లే కానీ. సోమ, బుధ, శుక్రవారాలు తువో. ఆ దినాలు నువ్వు పొద్దున్నే లేయాల మామా."

"నేనెందుకు?"

"సముద్రాలవతల వంట నాకెట్ల వస్తాది? ఇంగిలీసు చదివినోడివి నువ్వు. నేను నాలుగో క్లాసు."

"దానికి చదువెందుకే, అది అచ్చం మన..." అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

"మన?" అంది ఆమె.

వీధి మొత్తం నా నోటి వైపు చూస్తోంది. సంగటి అన్నానో, పరదేశపు వంట కాదని తేలి పందెం ఓడిపోయినట్టే, ఇక జన్మలో నోరెత్తడానికి లేదు. అనలేదో, తెడ్డు నా చేతిలో పడుతుంది. ఆఫీసులో ఎన్నో కాగితాలు రాశాను గాని, ఇంత గట్టి కాగితం రాసిన పాపాన పోలేదు.

"మన... ఊర్లో దొరికే సామానే కదా అంటాండా," అన్నాను.

"దొరికితే ఏం, చేసే చెయ్యి ఉండాల కదా. మీ అన్న చెయ్యి చూసినావా జమీలాబీ, ఎంత పనితనమో." ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "మిగిలిన నాలుగు దినాలు నాకు వచ్చింది నేను చేస్తాలే."

ఆమెకు వచ్చింది ఏమిటో అడగాల్సిన పని లేదు. మూడు రోజులు తువో, నాలుగు రోజులు సంగటి.

సోమవారం పొద్దున్నే పొయ్యి ముందు కూర్చున్నాను. హనుమంతమ్మ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది. పదకొండేళ్ళలో ఆ వేళప్పుడు ఆమె కాళ్ళు చాపుకుని కూర్చోగా నేను చూడలేదు. ఇరవై తిప్పులకే నా భుజం మళ్ళీ పట్టేసింది.

"నీకెప్పుడు తెలిసిందే?" అని అడిగాను మెల్లగా.

"తలుపేసుకుని కెలుకుతాంటేనే తెలిసె. ఆ చప్పుడు నాకు తెలీదా?"

"పదకొండేండ్లు ఎట్ల కెలికినావే దీన్ని?"

"ఆ దేశంలో ఆడోళ్ళు ఎట్ల కెలుకుతాండారో అట్లే."

నాకు నిజంగా సిగ్గేసింది. తిన్న ముద్దలను లెక్కపెట్టానే గాని, కెలికిన చెయ్యి ఒకటుందని ఏనాడూ అనుకోలేదు. ఆ మాట పైకి అందామని నోరు తెరిచేలోపల ఆమె ముందుకు వంగి, కుండలో రెండు వేళ్ళు పెట్టి, కొంచెం తీసి నలిపి చూసింది.

"గడ్డలుండాయి మామా. ఆ పుస్తకం ఇంగోసారి చదువు."

పిండి చేతులతోనే పుస్తకం తెరిచి ఆ పేజీ మొత్తం చదివాను. గడ్డల గురించి ఆ తల్లులెవరూ ఒక్క ముక్క చెప్పలేదు. నేను మళ్ళీ కెలకడం మొదలుపెట్టాను.