కరెంటు లేని టమాటా

ఒకే నేల మీద రెండు పంటలు తీసే మహత్తర పథకం దిగ్విజయంగా ప్రారంభమైంది. పైన సోలార్ పలకలు, కింద టమాటా మొక్కలు. పొలం కూతురిది, భయం తల్లిది.

ప్రారంభానికి వచ్చిన పెద్దాఫీసరు పలకల నీడలో కుర్చీ వేయించుకుని, ఎండ గొప్పతనం గురించి తనివితీరా మాట్లాడారు. "ఇకపై ఇక్కడ కాసే ప్రతి టమాటాలోనూ విద్యుచ్ఛక్తి ప్రవహిస్తుంది!" అని ముగించారు. అందరూ చప్పట్లు కొట్టారు. తల్లి చేతులు వెనక్కి దాచుకుంది.

"మాటవరసకి అన్నారమ్మా!"

"మాటవరసకైతే మైకెందుకే?"

తల్లి చదువు అంతంతమాత్రమే అయినా, నీళ్ళూ కరెంటూ కలవకూడదని ఆమెకు బాగా తెలుసు. టమాటా నిండా నీళ్ళే. ఇక చెప్పేదేముంది!

తొలి కాపు అమ్ముడుపోకపోతే మొక్కలు పీకేసి నేలంతా పలకలే పరుస్తామని, పలకలు పెట్టిన కంపెనీవాళ్ళు ముందే సెలవిచ్చారు. అందుకని కూతురు మార్కెట్లో గొంతు చించుకుని పిలుస్తూంటే, తల్లి రబ్బరు చెప్పులు తొడుక్కుని, ఇంట్లో మూలపడున్న టెస్టర్ పట్టుకుని పక్కనే కూర్చుంది. ఒక్కో కాయకీ ఆనించి చూసి, లైటు వెలగకపోతే, "తీసుకో నాయనా, దీనికేం లేదు" అని భరోసా ఇస్తోంది.

"నీకు పుణ్యముంటుంది, అది లోపల పెట్టమ్మా! జనం పారిపోతున్నారు."

"పారిపోతే బతుకుతారు కదే!"

మధ్యాహ్నానికి బుట్టలూ నిండే ఉన్నాయి, కూతురి కళ్ళూ నిండే ఉన్నాయి. అప్పుడు అటుగా వచ్చిన లెక్కల మాస్టారు కాసేపు ఆ పరీక్ష గమనించి, పక్క దుకాణంవాణ్ణి గంభీరంగా అడిగారు.

"మరి మీ కాయలెవరు పరీక్షించారు?"

"మా పొలంలో కరెంటు స్తంభమే లేదండీ!"

"లేదని నువ్వంటే సరా?"

జనం గిరుక్కున ఇటు తిరిగారు. చీకటి పడకముందే బుట్టలు ఖాళీ. "టెస్టరు ధర మీద పెట్టండి పిన్నిగారూ, షాకు అక్కడుంది" అని ఒకావిడ సణిగింది గానీ, సణుగుతూనే సంచీ నింపుకుంది.

మొక్కలు నిలిచాయి. మార్కెట్లో ఇప్పుడు కోడిగుడ్లకు కూడా టెస్టరే. పెద్దాఫీసరుగారు తమ దూరదృష్టిని తామే అభినందించుకుని, తమ ఇంటికి పంపే బుట్టను మాత్రం రెండుసార్లు చూడమని కబురంపారు.

ఒకరోజు పలకలు బాగుచేసే ఎలక్ట్రీషియన్ కాయలు కొనడానికొచ్చి, టెస్టర్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో బల్బు ఎప్పుడో పోయింది కదమ్మా!"

తల్లి చేతిలోని కాయను బుట్టలో పడేసింది. ఇన్నాళ్ళూ ఊరంతా తిన్నది? వరసలో ఉన్నవాళ్ళు సంచులు కింద పెట్టేశారు. లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"వెలగకపోవడమే కదా మనక్కావలసింది? ఇది ఎన్నటికీ వెలగదు. ఇంతకంటే నమ్మకమైన టెస్టర్ ఎక్కడుంది?"

అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వరస సర్దుకున్నారు.

ఆ రోజు నుంచి టమాటా తినడం మానేసింది ఊరు మొత్తానికి తల్లి ఒక్కతే. పాపం, ఆవిడకి పిరికిదని పేరు.