నెత్తిమీదే ఏజెంటు

ఫ్లాటుకి ఇన్సూరెన్సు చేయించాలంటే లోకల్ ఏజెంటునే వెతకండి. ఎక్కడో అద్దాల ఆఫీసులో కూర్చున్నవాడికి మన ఇంటి గోడల గురించి ఏం తెలుస్తుంది?

వెతకడంలో కూడా ఎంత సుఖముందో! ఫోన్లో 'మీ దగ్గరలో' అన్న చోట నొక్కాను. కాఫీ చల్లారేలోగా పదకొండు మంది ఫోన్ చేశారు. సొంత బావమరిది నా పుట్టినరోజు మరిచిపోయి ఏళ్ళయింది. వీళ్ళలో ఒకాయన నా పుట్టిన తేదీతో పాటు మా ఆవిడ బీపీ కూడా అడిగి రాసుకున్నాడు. ఇంకొకాయన నేను స్నానంలో ఉండగా నాలుగుసార్లు చేసి, "సార్ ఇంకా బయటికి రాలేదా అమ్మా?" అని కంగారుపడిపోయాడు. పలకరించే దిక్కులేదని బాధపడేవాళ్ళకి ఇంతకన్నా మందేముంది?

చివరికి అందరిలోకీ దగ్గరివాణ్ణి ఎంచుకున్నాను. మ్యాపు దూరం సున్నా అని చూపించింది. ఫోను పాడైందనుకున్నాను. తీరా చూస్తే, మా పై ఫ్లాటాయనే!

ఆయన ఇంటి చెప్పులతోనే దిగివచ్చి, మా కాఫీ తాగి, మా పెన్నుతోనే నాచేత పదిహేను సంతకాలు పెట్టించారు. "మీకేం భయం అన్నయ్యగారూ? నేను పైనే ఉన్నాగా!" అన్నారు.

నిజంగానే ఉన్నారు. నెల తిరక్కుండా మా ఆవిడ కుట్టుమిషన్ గదిలో సీలింగు కారడం మొదలైంది. పదేళ్ళుగా ఆవిడ ఆ గదిలోనే ఊళ్ళోవాళ్ళ బట్టలు కుడుతోంది. మర్నాడు ఇవ్వాల్సిన పెళ్ళికూతురి బట్టల మీద ఇంతింత గోధుమరంగు మరకలు!

రెండేసి మెట్లెక్కుతూ పైకి పరిగెత్తాను. ఏజెంటుగారు తల తుడుచుకుంటూ తలుపు తీశారు. నేను కిందికి వచ్చేసరికి ధార ఆగిపోయింది. ఎంత సౌకర్యమో చూడండి! మన ఏజెంటు స్నానం ముగిసిందో లేదో కనుక్కోవడానికి ఫోను కూడా చెయ్యక్కర్లేదు.

ఆయన వెంటనే వచ్చారు కూడా. టార్చి వేసి, సీలింగు ఫోటోలు తీసి, పెద్దగా నిట్టూర్చారు.

"క్లెయిము రావాలంటే, లీకేజీ తనదేనని పై ఫ్లాటు ఓనరు రాసివ్వాలి అన్నయ్యగారూ."

"రాసివ్వండి మరి."

"ఆయన రాయడండీ," అన్నారు జాలిగా. "ఆయన సంగతి నాకు బాగా తెలుసు. మహా మొండిమనిషి."

"అది మీ బాత్రూమే కదయ్యా!"

"ఇప్పుడు నేను ఏజెంటుగా వచ్చాను. నేను మీ పక్షం!"

మా ఆవిడ కత్తెర బల్లమీద పెట్టింది. "ఓనరుగా ఎప్పుడు దొరుకుతారో చెప్పండి."

"ఆదివారం అమ్మా. కాకపోతే ఆ రోజు స్నానానికి కాస్త ఎక్కువ టైం పడుతుంది."

తన గురించి తానే ఇంత నిష్పక్షపాతంగా మాట్లాడే మనిషి మీకెక్కడ దొరుకుతాడు?

ఇప్పుడు కుట్టుమిషన్ వంటింట్లో, స్టవ్వుకీ సింకుకీ మధ్య ఉంది. మా ఆవిడ కొత్త గుడ్డ కొని పెళ్ళికూతురి బట్టలు మళ్ళీ మొదటినుంచి కుట్టింది. "పదేళ్ళలో ఒక్కరి గుడ్డా పాడుచెయ్యలేదు," అని కుడుతున్నంతసేపూ అంటూనే ఉంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయింది. సంతకాలు పెట్టించుకునేటప్పుడు ఆయన ఒక్కరే మనిషి. క్లెయిము దగ్గరికొచ్చేసరికి ఇద్దరయ్యారు. ఆ ఇద్దరిలో ఒక్కరూ మాకు పనికిరారు.

నిన్న మళ్ళీ దిగివచ్చారు, ఇంకా పెద్ద పాలసీ తీసుకోమని. "మీ పై ఇంటివాళ్ళ వాలకం చూస్తే నాకే భయమేస్తోంది అన్నయ్యగారూ," అన్నారు.

అయ్యా, అమ్మా, మీకు తెలిసిన ఏజెంటు ఎవరైనా ఉంటే నాకు చెప్పి పుణ్యం కట్టుకోండి. వేరే ఊరైనా, వేరే దేశమైనా ఫరవాలేదు. చచ్చినా ఫోను ఎత్తనివాడైనా ఫరవాలేదు. ఆయన స్నానం చేసిన నీళ్ళు ఆయన ఇంట్లోనే ఉంటే చాలు!