పెరట్లో శిథిలం

ఆ శనివారం పొద్దున ఉమ వేసుకున్న ప్లాన్ చిన్నదే. టిఫిన్ కాగానే మొగుడు దివాకర్ చేత పెరట్లో గడ్డి కోయించాలి, తర్వాత తలంటుకుని హాయిగా పడుకోవాలి.

కానీ అమెరికాలో, అరోరాలోని ఆ ఇంట్లో, జర్మనీ టూర్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ గడ్డిని పట్టించుకున్నవాళ్లు లేరు. ఆ టూర్లో ఇద్దరూ, ఎవరో రాజుగారు రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లీషు పద్ధతిలో వేయించిన పార్కు చూశారు. పూలమడి ఒక్కటి లేదు. వంకర దారులు, మోకాలెత్తు గడ్డి, చెరువు ఒడ్డున సగం కూలిన బురుజు.

"పాపం, యుద్ధంలో కూలిందేమోనండీ," అంది ఉమ.

"కాదట! కూలినట్టే కట్టించారట!" అంటూ దివాకర్ దాని ముందు అరగంట నిలబడిపోయాడు. ఆ అరగంటే కొంప ముంచింది.

"గడ్డి కొయ్యను. ఇది ల్యాండ్‌స్కేప్," అన్నాడిప్పుడు. అని ఊరుకున్నాడా? ఇటుకలు తెచ్చి ఆదివారం సాయంత్రానికి సగం ఆర్చి లేపాడు.

సోమవారం పక్కింటావిడ అది చూసి, ఇల్లు కూలిందనుకుని 911కి ఫోన్ చేసింది. ఫైరింజన్ వచ్చింది. వాళ్లు ఎందుకైనా మంచిదని పెరడు చుట్టూ పసుపు టేపు కట్టి వెళ్లారు. ఆ టేపు చూసి ఉమ స్నేహితురాలు సుధ ఏడుస్తూ పులిహోర గిన్నెతో పరుగెత్తుకొచ్చింది.

"మా బేస్‌మెంట్‌లో ఉండండే, ఎన్నాళ్లయినా!"

"ఏమీ కూలలేదే! మా ఆయన కట్టిందే అలా ఉంది!"

"షాక్‌లో ఉన్నావ్. ముందు తిను."

ఉమకి పిచ్చెక్కింది. సాయంత్రానికి కాలనీ సంఘం ప్రెసిడెంటు, పొడుగాటి అమెరికన్, ఫైలుతో దిగాడు.

"ముప్పై రోజుల్లో కట్టడం పూర్తి చెయ్యాలి."

"పూర్తయింది సార్," అన్నాడు దివాకర్.

"సగమే ఉందిగా?"

"మొత్తం సగమే సార్."

"అయితే ఈ చెత్త తీసెయ్యండి."

అప్పటిదాకా మొగుణ్ని దులిపేస్తున్న ఉమకి ఒళ్లు మండిపోయింది. మొగుణ్ని అనాలంటే తనే అనాలి. మధ్యలో ఈయనెవరు?

"చెత్తా? జర్మనీలో రాజులు కట్టించుకున్నారు ఇలాంటివి! జనం ఫ్లైటెక్కి వెళ్లి చూస్తున్నారు. మీ క్లబ్‌హౌస్ చూడ్డానికి ఎవరొచ్చారు?" అని ఫోన్‌లో ఫొటోలన్నీ చూపించింది. ఆయన ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసి, ఫైలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

వారానికి సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఆర్చికి అనుమతి ఇచ్చారు. కాకపోతే కాలనీవాసులు చూడ్డానికి ప్రతి శనివారం పది నుంచి నాలుగు దాకా పెరటి గేటు తెరిచి ఉంచాలట.

మొదటి శనివారమే నలభై మంది వచ్చారు. ఆర్చి ముందు రెండు నిమిషాలు ఆగి, అందరూ ఉమని ఒకటే అడిగారు: బాత్రూమ్ ఎటు?