పోలమ్మ బదులు పడుకున్న కుందేలు

ఒక పెద్ద అడవిలో, కూర్చుంటే లేవడానికి ఒకరూ, లేస్తే మళ్ళీ కూర్చోడానికి ఇద్దరూ సాయం పట్టాల్సిన ఎలుగుబంటి ఉండేది. పేరు పోలమ్మ.

ఆ వానాకాలం పోలమ్మ తన గుహలో తనే పట్టలేదు. తల మాత్రం దూరింది. లోపలున్న మనవరాలు చిట్టికి అలాగే కథలు చెప్పేది. మిగతా పోలమ్మంతా బయట వానలో తడిసేది.

"అమ్మమ్మా, నా పక్కన పడుకోవూ? ఉరుములు!"

"నేను వస్తాననే అంటున్నానే తల్లీ, పొట్టే రానంటోంది."

వడ్రంగిపిట్ట డాక్టరు పొట్ట కోసి చిన్నది చేస్తాడని విని పోలమ్మ వెళ్ళింది.

"కోత నాకు చిటికెలో పని. మత్తిచ్చాక నువ్వు మళ్ళీ లేస్తావో లేదో పెద్ద డాక్టరు గారు తేల్చాలి. గుండె, ఊపిరి, గురక అన్నీ చూస్తారు" అన్నాడతను.

పెద్ద డాక్టరు గుడ్లగూబ. ఆసుపత్రేమో పగలే తెరుస్తారు. పగలు ఆయనకి కళ్ళు కనపడవు. ఇదెలా కుదిరిందా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే. సీనియారిటీ మాత్రం ఆయనదేనట.

"నా గురకకి కొండవతల పులి ఉలిక్కిపడి లేస్తుంది. అది వింటే ఆయన కొయ్యనిస్తాడా?" అని పోలమ్మ పొరుగు కుందేలు చెంచయ్య దగ్గర వాపోయింది.

"దానికేం పిన్నీ, పరీక్షకి నీ బదులు నేను పడుకుంటా. ఆయనకి కనపడి చస్తుందా!"

చెంచయ్య పడుకున్నాడు. గుడ్లగూబ చెవి ఆనించాడు. గురక లేదు. తూస్తే గుప్పెడు బరువు. గుండె మాత్రం, అసలే కుందేలుది, పైగా దొరికిపోతానన్న భయం, టకటకా కొట్టుకుంటోంది.

"అయ్యో పోలమ్మా, చిక్కి సగమయ్యావు! గుండె నీరసంతో దడదడలాడుతోంది. ఈ ఒంటికి కోతేమిటి? మూడు పూటలా తేనె తాగు" అన్నాడు గుడ్లగూబ.

పోలమ్మ ఆయాసపడుతూ వడ్రంగిపిట్ట దగ్గరికి పోయింది.

"బాబూ, నన్ను చూడు. నేను చిక్కానా?"

అతను ఆమెని కింది నుంచి పైకి చూశాడు. ఈ పక్క నుంచి ఆ పక్కకి చూడ్డానికి ఇంకాస్త సేపు పట్టింది.

"లేదమ్మా. కానీ పెద్దాయన తేల్చాక ఇక నా కళ్ళతో పనేముంది?"

"పడుకున్నది నేను కాదు బాబూ, కుందేలు!"

"ష్! ఆయన పరీక్ష ఎప్పుడూ తప్పు కాదు. నీ ఒళ్ళే ఎక్కడో పొరబడి ఉంటుంది."

ఇంకేం చేస్తుంది? డాక్టరు మాట కాదనకూడదని తేనె తాగింది. జన్మలో ఏ మందూ అంత శ్రద్ధగా వేసుకోలేదు.

మళ్ళీ వాన వచ్చింది. ఈసారి తల కూడా పట్టలేదు. ముక్కొక్కటే దూరింది. చిట్టి ఆ ముక్కునే వాటేసుకుంది.

"అనగనగా ఒక తెలివైన ఎలుగుబంటి..." అని మొదలెట్టింది పోలమ్మ.

"ఎక్కడ అమ్మమ్మా?" అంది చిట్టి.

కాబట్టి పిల్లలూ, పరీక్షకి పొరుగువాణ్ణి పంపినవాళ్ళు, కత్తి కిందికీ వాణ్ణే పంపాలి.