కుడివైపు సగం

ఆ సోమవారం కొత్త గుమాస్తా చేయవలసిన పనుల పట్టిక ఇది. ఒకటి, ఫోను నిండా ఛార్జింగు పెట్టుకొనుట. రెండు, కార్యాలయ నిబంధనల పుస్తకమును అందులోకి దించుకొనుట. మూడు, అందలి రెండు వందల పన్నెండు పేజీలు చదువుట. నాలుగు, శనివారం దాని మీద పరీక్ష రాసి ఉద్యోగం ఖాయం చేసుకొనుట. ఐదు, కౌంటరు ముందు నిలబడిన ప్రజలు కూర్చొనకుండా చూచుట.

ఐదో పని చూసి ఎవరూ ఆశ్చర్యపోనక్కరలేదు. అది నీళ్ల కుళాయిలు మంజూరు చేసే కార్యాలయం. అక్కడ అంతా నిబంధన ప్రకారమే జరుగుతుంది.

ఆ నిబంధనలు పూర్వం రిజిస్టరు సైజు కాగితం మీద, ఒక్కో నిబంధన ఒక్కో వరుసగా, జానెడున్నర వెడల్పున అచ్చయి ఉండేవి. పెద్దసారు ప్రగతి కోరి, ఆ పేజీలను ఉన్నవి ఉన్నట్టు ఫోటోలు తీయించి ఈ-పుస్తకం చేయించారు. ఆవిష్కరణ సభలో ఫోను పైకెత్తి చూపిస్తూ ఇలా సెలవిచ్చారు: "ఈ పుస్తకంలో ఒక్క అక్షరం కూడా చోటు మారదు. ఎవరెంత లాగినా, ఎంత నొక్కినా కదలదు. మన కార్యాలయం కూడా ఇలాగే ఉండాలని నా ఆకాంక్ష." ఆకాంక్ష అప్పటికే నెరవేరి ఉన్నందున సిబ్బంది చప్పట్లు కొట్టారు.

పేజీ మొత్తం తెరలో పట్టేట్టు పెడితే అక్షరాలు చీమల బారు. వేళ్లతో సాగదీస్తే పెద్దవవుతాయి గానీ, ప్రతి వరుసలో కుడివైపు సగం తెర దాటిపోతుంది. దాని కోసం పక్కకు జరిపితే పేజీయే తిరిగిపోతుంది. ఫోను అడ్డంగా తిప్పితే పేజీ కూడా అడ్డం పడుకుంటుంది. దానితోపాటు మెడ తిప్పబోయి పట్టేయడంతో హెడ్డుగుమాస్తా మూడు రోజులు సెలవు పెట్టారు. కారణం అనే గడిలో "చదువు" అని రాశారు. 'కుళాయి' అన్న మాట ఎక్కడుందో వెతకమంటే, పుస్తకంలో అలాంటి మాటే లేదని ఫోను జవాబిచ్చింది. వచ్చిన ప్రజలకు ఆ జవాబే చూపించి కార్యాలయం ఒక వారం సుఖపడింది.

చివరకు ఎడమవైపు సగం చదివితే చాలునని అందరూ ఒక అవగాహనకు వచ్చారు. మన భాష సంగతి మీకు తెలియనిది కాదు. అసలు మాట వాక్యం చివర తీరిగ్గా కూర్చుని ఉంటుంది. అందుచేత తెర మీద కనిపించేది ఇలా ఉండేది: "అర్జీదారుని కౌంటరు ముందు నిలబెట్ట". "అర్జీకి పదిహేను దినములలో కుళాయి ఇవ్వ". "పని వేళలలో కౌంటరు మూసివేయ". కనిపించని తోకను సిబ్బంది అనుభవం కొద్దీ పూరించుకున్నారు. నిలబెట్టవలెను. ఇవ్వరాదు. మూసివేయవలెను. కుర్చీలన్నీ మేడ మీదికి పోయాయి.

ఆ నిబంధనల కింద, కుట్టుపని చేసే ఒక అక్క కుళాయి కోసం నాలుగు నెలలుగా కౌంటరు ముందు నిలబడి ఉంది. ఊరికే నిలబడే మనిషి కాదు. చేతి సంచిలో బట్టలు తెచ్చుకుని గుండీలు కుడుతూ, కాజాలు తీస్తూ నిలబడేది. పెద్దసారు చొక్కాకు ఊడిన గుండీ కూడా అక్కడే కుట్టి ఇచ్చింది. ఆయన సంతోషించి, ఇంకొంచెం నీడపట్టున నిలబడమన్నారు.

కొత్త గుమాస్తా తన ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఏ పుస్తకమైనా అట్ట నుంచి అట్ట దాకా చదవాలని వాళ్లమ్మ చెప్పి ఉంది. ఆమెకు చదవడం రాదు కనుక, సగం చదివి ఊరుకోవచ్చన్న వెసులుబాటు ఆమెకు తెలియదు. కూతురు ఎడమ బొటనవేలితో పేజీని అదిమిపట్టి, కుడి చూపుడువేలితో వరుసను వెంట్రుకవాసి చొప్పున లాగడం సాధన చేసింది. వరుసకు మూడు నిమిషాలు. గురువారం మధ్యాహ్నానికి మొదటి తోక దొరికింది: "రాదు. కుర్చీ వేయవలెను." ఆ వెనకే రెండోది, మూడోది దొరికాయి. తోకలన్నీ కార్యాలయానికి సరిగ్గా ఎదురుతిరిగి ఉన్నాయి.

ఆమె వెళ్లి హెడ్డుగుమాస్తాకు చూపించింది. ఆయన పట్టేసిన మెడను వీలైనంత తిప్పి చూశారు.

"చూడమ్మాయ్, పేపరు దిద్దేది పెద్దసారు. ఆయనకు తెలిసింది ఎడమ సగమే. ఉన్నదున్నట్టు రాశావంటే ఉన్న ఉద్యోగం ఊడుతుంది."

"మరి తప్పని తెలిసి ఎలా రాయనండీ?"

"మేమంతా రాయలేదూ? దానికో ఓపిక కావాలి."

శనివారం ఆమె పరీక్షకు రిజిస్టరు సైజు కాగితం అడిగి తీసుకుంది. "నిలబెట్ట" అని ఎడమవైపు రాసి, సన్నగా ఒక గీత పొడుగ్గా లాగి, కుడి అంచున "రాదు, కుర్చీ వేయవలెను" అని ముగించింది. ప్రతి జవాబూ అంతే. కార్యాలయం ఆధునికం కనుక జవాబుల ఫోటోలు పెద్దసారు ఫోనుకు వెళ్లాయి. ఆయన సాగదీసి, ఎడమ సగం చదివి, నూటికి నూరు వేశారు. ఉద్యోగం ఖాయమైంది. అంతటితో ఆగక, ఈ జవాబులు అందరికీ ఆదర్శం కావాలని అసలు కాగితానికి చట్రం కట్టించి, కింద సంతకం పెట్టి, కౌంటరు గోడకు తగిలించారు.

గోడకు తెర లేదు. నిలబడ్డవాళ్లకు తీరిక ఎక్కువ. కుట్టుపని అక్క సూది దారం పంటితో తెంపుతూ మొదటి వరుసను చివరి దాకా చదివింది.

"సారూ, ఇక్కడ 'రాదు' అని ఉందే. కింద సంతకం మీదే కదా?"

సంతకం ఆయనదే. రెండు రోజుల పాటు కౌంటరు ముందు కుర్చీలుండేవని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడో రోజు పెద్దసారు అత్యవసర సమావేశం జరిపి, సంతకం గౌరవానికి భంగం కలగకుండా, ప్రజలకు మాట తప్పకుండా, చట్రం కుడివైపు సగానికి అడ్డంగా ఇనప బీరువా వేయించారు. కుర్చీలు మళ్లీ మేడెక్కాయి.

కొత్త గుమాస్తా తన కుర్చీ తీసి కౌంటరు బయట అక్కకు వేసి, తాను నిలబడి పని చేస్తోంది. గుమాస్తాలు నిలబడరాదన్న నిబంధన ఎడమవైపు ఎక్కడా లేదు కనుక ఆమెకు ఆదర్శ ఉద్యోగి పతకం ఇచ్చారు. కుళాయి మాత్రం బీరువా వెనకే ఉంది.

చదువరులారా, మీరు దీన్ని ఏ తెర మీద చదువుతున్నారో తెలియదు. మీ మీద నమ్మకంతో ఒక్కటే మనవి. ఆ కుట్టుపని అక్కను మీరు మరువ