ఖాళీ అయిన విగ్రహం పోస్టు

శారదాపురం విశ్వవిద్యాలయం ప్రధాన ద్వారం ముందు నిలబడి ఉండే వ్యవస్థాపకుడి విగ్రహం మార్చి నెలాఖరున పదవీ విరమణ చేసింది. వయోపరిమితి నిండింది, అంతే. అందరికీ చేసినట్టే సెనేట్ హాల్లో సభ పెట్టి, శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చారు. సర్వీసులో ఒక్క రోజైనా సెలవు పెట్టని ఉద్యోగి ఈ ఒక్కరేనని చెబుతూ రిజిస్ట్రార్ కళ్లు తుడుచుకున్నాడు. మిగతా ఉద్యోగులు ఆ మాటను పట్టించుకోలేదు. విగ్రహం గడియారాన్ని చంకలో పెట్టుకుని, ఆటో మాట్లాడుకుని, పెన్షన్ కాగితాల పని మీద ట్రెజరీకి వెళ్లిపోయింది.

గద్దె ఖాళీ అయింది. ఊరికి ఇది చిన్న సంగతి కాదు. శారదాపురం బతికేదే చూడవచ్చే జనం మీద. టూరిజం బస్సు మొదట రాతి కమాను దగ్గర ఆగుతుంది. అక్కడ జనం మెడలెత్తుతారు. తర్వాత గంట స్తంభం. అక్కడ టైమెంతయిందో తమ ఫోన్లలో చూసుకుంటారు. తాళపత్రాల లైబ్రరీ దగ్గర బాత్‌రూం ఎక్కడని అడుగుతారు. ఫోటోలు దిగేది మాత్రం విగ్రహం దగ్గరే. పైగా దాని కుడికాలి బొటనవేలు రుద్దితే పరీక్ష పాసవుతారని పేరు. పాసవడానికి ఇంతకంటే కష్టమైన పద్ధతి విద్యార్థులకు ఎప్పుడూ నచ్చలేదు.

రెగ్యులర్ నియామకాల మీద నిషేధం ఉంది కనుక ఆ పోస్టును కాంట్రాక్టు పద్ధతిలో నింపాలని నిర్ణయించారు. పిహెచ్‌డి తప్పనిసరి. నిలబడిన అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. చరిత్ర శాఖలో చాలా ఏళ్లుగా కాంట్రాక్టు లెక్చరర్‌గా ఉన్న డాక్టర్ నర్సింలు ఎంపికయ్యాడు. అన్నేళ్లూ శాఖలో అతనికి కుర్చీ ఇవ్వలేదు కాబట్టి, అనుభవంలో అతనికి పోటీయే లేకపోయింది.

"చెయ్యి ఎంతసేపు ఎత్తి పెడ్తవయ్యా?" అని ఇంటర్వ్యూలో రిజిస్ట్రార్ అడిగాడు.

"పర్మనెంట్ చేస్తమంటే ఎంతసేపైనా పెడ్త సార్."

"అది తర్వాత జూద్దాం. ముందైతే ఎత్తు."

నర్సింలు ఎత్తాడు. అతనికి ఉన్నది ఒక్కటే కోరిక. ఏటా వేసవిలో కాంట్రాక్టు ముగిసినప్పుడు మళ్లీ పిలుస్తారో లేదోనని అతనూ భార్య స్వరూపా బిక్కుబిక్కుమంటూ గడిపేవాళ్లు. ఆ భయం పోవాలి. పాపం, అందులో అత్యాశ ఏమీ లేదు. అడిగిన ప్రతి రిజిస్ట్రారూ ఫైలు కదులుతోందనే చెప్పాడు. ఇప్పుడు ఫైలు సంగతి ఎలా ఉన్నా, నర్సింలు కదలకూడదు.

పొద్దున్నే పారిశుధ్య విభాగం వాళ్లు వచ్చి నర్సింలుకు కంచు రంగు పూసేవాళ్లు. పావురాలను తోలడం తన విధుల్లో లేదు కనుక అతను తోలేవాడు కాదు. మధ్యాహ్నం స్వరూప టిఫిన్ డబ్బా పట్టుకుని నిచ్చెన ఎక్కి, ముద్దలు కలిపి నోట్లో పెట్టి, మూతి తుడిచి దిగేది.

బస్సులో వచ్చినవాళ్లకు గైడు మొయినుద్దీన్ రోజూ చెప్పేది చెప్పాడు. "గీయననే ఈ యూనివర్సిటీ కట్టించిన రాజా నరహరి బహద్దూర్. చూడుండ్రి, వేలు లైబ్రరీ దిక్కు చూపిస్తున్నడు."

"ఊపిరి పీలుస్తున్నట్టుంది గదా?" అని ఒకావిడ అడిగింది.

"పాతది రిటైరైంది అమ్మా. ఇది కాంట్రాక్టుది."

"అట్లనా" అని ఆవిడ తృప్తిపడి ఫోటో దిగింది.

ఏడాది తిరిగేసరికి పరీక్షలు దగ్గరపడ్డాయి. నర్సింలు క్లాసుకు ఏనాడూ రాని బి.ఏ. మూడో సంవత్సరం వాళ్లంతా తలస్నానం చేసి ఎండలో వరుస కట్టారు. ఒక్కొక్కరే వంగి భక్తిగా బొటనవేలు రుద్దారు. ఇన్నేళ్లకు తన ముందు క్లాసు నిండింది. నర్సింలుకు దుఃఖం ఆగలేదు. పెదవులు కదపకుండా, వచ్చిన ప్రతి ఒక్కరికీ పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. "మూడో యూనిట్ సదువు బిడ్డా. కాకతీయుల చెరువులు తప్పక అడుగుతరు." దేవుడి మాటలాగా వాళ్లు విన్నారు, చదివారు, పాసయ్యారు.

చరిత్ర శాఖలో అన్ని మార్కులు ఎన్నడూ రాలేదు. కారణం తేల్చడానికి ఒక కమిటీ వేశారు. పదవీ విరమణ చేసిన విగ్రహం అప్పటికి సలహాదారుగా తిరిగి చేరి ఉండడంతో దాన్నే అధ్యక్షత వహించమన్నారు. ఫలితాలకు బొటనవేలే కారణమని కమిటీ తేల్చింది. లెక్చరర్ లేని ఏడాదే ఇంత బాగా పాసయ్యారు కాబట్టి చరిత్ర లెక్చరర్ పోస్టు అనవసరమని కూడా తేల్చి, దాన్ని రద్దు చేసింది. నర్సింలుకు వెనక్కి వెళ్లడానికి చోటు లేకుండా పోయింది. వేసవి వచ్చేసింది. విగ్రహంగా అతని కాంట్రాక్టు కూడా ముగియబోతోంది.

ఆ పరిస్థితిలో ఒక మధ్యాహ్నం రిజిస్ట్రార్ ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పుడే స్వరూప నిచ్చెన మీద ఉంది.

"నర్సింలూ, శుభవార్త. నిన్ను పర్మనెంట్ చేస్తున్నం."

స్వరూప చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"రూలు ఒక్కటే ఉన్నది. పర్మనెంట్ విగ్రహం గద్దెకు అతికి ఉండాలె. లేకుంటే ఆడిటోళ్లు ఒప్పుకోరు." మేస్త్రీ అప్పటికే ఇసుక, సిమెంటు కలుపుతున్నాడు.

స్వరూప నిచ్చెన దిగి, కొంగు సర్దుకుని, మర్యాదగా అడిగింది. "సిమెంటు మడిమెల దాకనా సార్, మోకాళ్ల దాకనా?"

"జీతానికైతే మోకాళ్ల దాకా. పెన్షన్ కూడా గావాల్నంటే నడుం దాకా. బొటనవేలు మాత్రం బయటనే ఉంచుతం, పోరగాళ్లకు ఇబ్బంది గావద్దు."

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. ఇంటి విషయాలు వాళ్లెప్పుడూ ఇద్దరూ ఆలోచించుకునే తేల్చుకుంటారు. స్వరూప తలూపింది.

"నడుం దాకా పొయ్యుండ్రి సార్" అన్నాడు నర్సింలు.

మేస్త్రీ పోయడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర మిగతా కాంట్రాక్టు లెక్చరర్లు గుమికూడి, అదృష్టవంతుడని కుళ్లుకుంటూ చప్పట్లు కొట్టారు. స్వరూప సంతోషం పట్టలేక ఏడ్చింది. కళ్లు తుడుచుకుని గద్దె వెనక్కి వెళ్లి, పొద్దున అతను విడిచిన చెప్పులు తీసి, దుమ్ము దులిపి, టిఫిన్ సంచిలో పెట్టుకుంది.

"ఇవి ఇంక నీకు అక్కర లేవు గదా?"

ఆరేదాకా కదలొద్దని మేస్త్రీ చెప్పాడు. అందుకని నర్సింలు తల ఊపకుండా, "లేవు" అని మాత్రం అన్నాడు.